కుర్చీకి వారసులున్నరు, కేసుకు లేరా?

ఎన్నికలు దగ్గర పడ్డయంటే చాలు, ఫ్లెక్సీల మీద ఒక మాట మొలుస్తది: 'ఉద్యమ బిడ్డ'. మెడల కండువ రంగు మారుతది, మాట మారదు. నిన్నటిదాకా ఒక రంగు కప్పుకున్నోడు ఇయ్యాల ఇంకో రంగు కప్పుకుంటడు. ఫోటో కింద బిరుదు మాత్రం అదే. ఎవరిచ్చిండ్రు ఈ బిరుదు? ఏ లాఠీ దెబ్బకు ఇచ్చిండ్రు? ఏ లాకప్పుల ఇచ్చిండ్రు? అడిగేటోడు లేడు. అడిగితే 'నువ్వెవలు?' అంటరు.

నేనెవలో చెప్త. నేను ఉద్యమ నాయకుల బిడ్డను. మా నాయిన ఉద్యోగుల సంఘం నాయకుడు, మా అమ్మ ఉపాధ్యాయ సంఘం నాయకురాలు. టీవీల కనిపించినోళ్లు కారు, అసెంబ్లీ గేటు దాటినోళ్లు కారు. ఒక మండలం, కొన్ని వందల మంది సభ్యులు, ఒక పాత స్కూటరు, గోడకు కొట్టిన మేకుకు ఒక చేతిసంచి. అంతే వాళ్ల నాయకత్వం. తెలంగాణ ఉద్యమాన్ని నడిపింది ఇట్లాంటోళ్లే. హైదరాబాదుల పిలుపు ఇచ్చినోళ్లు పదిమంది ఉంటే, ఆ పిలుపును ఊరిదాకా మోసినోళ్లు వేలమంది. ఆ వేలమందికీ పిల్లలున్నరు. వాళ్ల పేర్లు ఏ ఫ్లెక్సీ మీద లేవు. ఈ వ్యాసం వాళ్ల గురించి.

తలుపు చప్పుడు

మా ఇంట్ల చిన్నప్పుడు నేర్పిన మొదటి అబద్ధం ఏందంటే, 'నాయిన ఊర్లె లేడు'. తలుపు కొట్టింది ఎవరైనా సరే, ముందుగాల ఆ మాటే చెప్పాలె. పాలాయన కొట్టే తీరు వేరు, సంఘపోళ్లు కొట్టే తీరు వేరు, పోలీసులు కొట్టే తీరు వేరు. ఎనిమిదేండ్ల పిల్లకు ఈ మూడు చప్పుళ్లు తెలిసినయి. ఎక్కాలు రాలేదు గాని ఇవి వచ్చినయి.

మేకుకు తగిలేసిన సంచిల రెండు లుంగీలు, ఒక తువ్వాల, బీపీ గోలీలు, ఒక దుప్పటి ఉండేటియి. ఆ సంచిని ముట్టుకోవద్దని మాకు కట్టడి. బంద్ పిలుపు వచ్చిన రోజు ముందస్తు అరెస్టు ఖాయం కాబట్టి సంచి ఎప్పుడూ తయారు. మిగతా పిల్లలకు పండుగలు లెక్క, మాకు బంద్‌లు లెక్క. అమ్మ, నాయిన ఇద్దరినీ తీస్కపోయిన రాత్రి పక్కింటి అత్తమ్మ వచ్చి మా దగ్గర పండుకునేది. ఆమెకు తెలంగాణ రాజకీయం తెలువది. ఆకలి తెలుసు. తమ్మునికి పాలల్ల రొట్టె నానబెట్టి పెట్టేది. ఉద్యమ చరిత్ర రాసేటోళ్లారా, ఆ అత్తమ్మకు ఎన్ని పేజీలు ఇస్తరు?

1997 డిసెంబరుల వరంగల్ సభకు మమ్ముల తీస్కపోయిండ్రు. నాకు పదేండ్లు. చలికి అమ్మ కొంగు కప్పుకొని నిద్రపోయిన. లేచినప్పుడు చుట్టూరా జనం, మైకు, ఎర్రటి దుమ్ము. ఆ సభల చదివిన ప్రకటన ఏందో నాకు అర్థమైంది కాలేజీకి పోయినంక. ఆ సభ తర్వాత మా ఇంటిమీద నిఘా పెరిగిందన్నది మాత్రం అప్పుడే అర్థమైంది.

610 జీవో అమలు చేయమని ధర్నాకు కూసున్నందుకు నాయినను కొన్ని నెలలు సస్పెండు చేసిండ్రు. ఆ జీవో వచ్చింది 1985 డిసెంబరు 30న. సర్కారు తన జీవోను తాను అమలు చేయమని అడిగినందుకు సర్కారే శిక్ష వేసింది. సస్పెన్షన్ల ఉన్న ఉద్యోగికి సగం జీతం. సగం జీతమంటే ఏందో లెక్కలు చెప్పే పంతులు కంటే మాకే ఎక్కువ తెలుసు. సగం పాలు, సగం నూనె, ఫీజుకు గడువు. బడిల మా పెద్దసారు అందరి ముందట నిలబెట్టి, 'మీ నాయినకు రాష్ట్రం కావాలె, నీకు ఫీజు మాఫీ కావాలె' అన్నడు. పిల్లలు నవ్విండ్రు. ఆ రోజు నేను తెలంగాణను తిట్టుకున్న. దాయను, తిట్టుకున్న. తల్లిదండ్రులను పంచుకొమ్మని పిల్లను ఎవరూ అడుగరు. పంచేస్తరు అంతే.

ఇది నా ఒక్కదాని బాధ అయితే రాయకపోదును. ఈ పత్రిక చదివేటోళ్లల్ల ఎంతమంది ఇండ్లల్ల ఇదే కథ నడిచిందో నాకు తెలుసు. టీచర్ల పిల్లలు, ఎన్జీవోల పిల్లలు, ఆర్టీసీ కండక్టర్ల పిల్లలు, సింగరేణి కార్మికుల పిల్లలు, ధూంధాంల ఆడిపాడిన కళాకారుల పిల్లలు. 1999ల భువనగిరి పాటల కోకిల బెల్లి లలితను చంపి ముక్కలు చేసినప్పుడు ఒక గాయని చచ్చిపోయిందని రాసిండ్రు. ఒక తల్లి చచ్చిపోయిందని ఎంతమంది రాసిండ్రు?

అదే 1969

మా నాయిన 1969ల పదో తరగతి. ముల్కీ రూల్స్ అంటే ఏందో సగం తెలిసీ తెలువక, అన్నల ఎంట ఊరేగింపుల నడిచిండు. ఆ ఏడాది జనవరిల ఖమ్మం జిల్లాల రాజుకున్న నిప్పు తెలంగాణ అంతటా అంటుకున్నది. బడులు, కాలేజీలు మూతపడ్డయి. తుపాకులు పేలినయి. 369 మంది చనిపోయిండ్రన్నది ఉద్యమం చెప్పే లెక్క. నాయినకు మోకాలు మీద లాఠీ పడ్డది, మూడు రాత్రులు ఒక ఠాణాల కూసోబెట్టిండ్రు. ఒక విద్యా సంవత్సరం కొట్టుకపోయింది. మల్ల పదో తరగతి చదివిండు.

నాయకుల సంగతేందయ్యా అంటే, రాజమండ్రి జైల్ల పెట్టిండ్రు, బయటికొచ్చిండ్రు. 1971 లోక్‌సభ ఎన్నికలల్ల తెలంగాణ ప్రజా సమితిని జనం 14 సీట్లకు 10 సీట్లల్ల గెలిపించిండ్రు. అదే ఏడాది ఆ పార్టీ పోయి కాంగ్రెస్‌ల కలిసింది. మర్రి చెన్నారెడ్డి 1978ల ముఖ్యమంత్రి అయిండు, 1989ల ఇంకోపారి అయిండు. ఆయన కొడుకు ఎమ్మెల్యే అయిండు. పిలుపు ఇచ్చినోడు కుర్చీ ఎక్కిండు, పిలుపు విన్న పోరగాడు మోకాలు నొప్పితోని మల్ల పదో తరగతి బెంచీ ఎక్కిండు. ఉద్యమంల తొలి వారసత్వ పంపకం అట్ల జరిగింది.

అదే 1969ల, సముద్రాలవతల దక్షిణాఫ్రికాల ఇంకో ఇంటి తలుపు కొట్టిండ్రు. మే 12 రాత్రి సొవెటోల విన్నీ మండేలాను పోలీసులు పట్టుకపోయిండ్రు. తండ్రి అప్పటికే రాబెన్ దీవి జైల్ల ఉన్నడు. ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలు. పెద్దామెకు పదేండ్లు, చిన్నామెకు ఎనిమిదేండ్లు. తల్లి 491 రోజులు నిర్బంధంల ఉన్నది. పదహారేండ్లు నిండని పిల్లలు ఆ దీవికి పోయి తండ్రిని చూడొద్దని అక్కడి రూలు. అదే ఏడాది జులైల మండేలా పెద్దకొడుకు కారు ప్రమాదంల చనిపోతే అంత్యక్రియలకు కూడా తండ్రిని పంపలేదు.

ఆ ఎనిమిదేండ్ల చిన్నామె జిండ్జీ. 1985 ఫిబ్రవరి 10న సొవెటోల ఒక స్టేడియంల నిలబడి తండ్రి రాసిన జవాబు చదివింది. షరతుల మీద ఇడిచిపెడతమని ప్రభుత్వం అంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ సంగతి లోకానికి చెప్పింది బిడ్డ. ఆలోచించుండ్రి. తండ్రి ఇంటికొచ్చే తొవ్వను వద్దనుకున్న జవాబును, ఆ తండ్రి కోసం ఇరవై ఏండ్లకు పైగా ఎదురుచూసిన బిడ్డతోనే చదివించిండ్రు. ఆమె చదివింది. ఉద్యమ నాయకుల పిల్లల బతుకంతా ఆ ఒక్క దృశ్యంల ఉన్నది. అమ్మానాన్నల త్యాగానికి పిల్లలు సంతకం పెట్టాల్సొస్తది. ఆ సంతకం ఎవరూ అడిగి పెట్టించుకోరు.

తండ్రి కొడుకు, కొడుకు కొడుకు

మన లెక్కనే రాష్ట్రం కోసం కొట్లాడిన ఝార్ఖండ్‌ను చూడుండ్రి. 1957ల వడ్డీ వ్యాపారుల మనుషులు శోబరన్ సోరెన్‌ను చంపిండ్రు. ఆయన కొడుకు శిబు సోరెన్ అప్పటికి పదమూడేండ్ల పిల్లగాడు. ఆ పిల్లగాడు చదువు ఇడిసి, వడ్డీ వ్యాపారులు గుంజుకున్న పొలాలల్ల వరి కోసే ఉద్యమం నడిపిండు, ఝార్ఖండ్ ముక్తి మోర్చా కట్టిండు. 2000 నవంబరు 15న రాష్ట్రం వచ్చింది. శిబు సోరెన్ ముఖ్యమంత్రి అయిండు. 2013ల ఆయన కొడుకు హేమంత్ ముఖ్యమంత్రి అయిండు. 2025 ఆగస్టు 4న శిబు సోరెన్ కన్నుమూసిండు.

ఒక్క వంశంల మూడు తరాలు. తాత ప్రాణం ఇచ్చిండు. తండ్రి బతుకు ఇచ్చిండు. మనుమడు కుర్చీ అందుకున్నడు. మనుమన్ని తప్పు పట్టుడు నా ఉద్దేశం కాదు. ఎవరి కడుపున పుట్టాలెనో ఎవరూ ఎంచుకోరు. కానీ ఒక మాట అడగాలె కదా. శోబరన్ సోరెన్ లెక్కనే ఆ అడవులల్ల, ఆ గనులల్ల ఎంతమంది చచ్చిండ్రు? వాళ్ల మనుమలు ఎక్కడున్నరు?

మన దగ్గరికొద్దాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ప్రమాణం చేసిన మంత్రివర్గంల ముఖ్యమంత్రి కేసీఆర్, ఆయన కొడుకు, ఆయన మేనల్లుడు ఉన్నరు. బిడ్డ నిజామాబాద్ ఎంపీ. వాళ్లు ఉద్యమంల లేరని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఉన్నరు, తిరిగిండ్రు, మాట్లాడిండ్రు. అయితే అంతే తిరిగినోళ్లు, అంతకంటే ఎక్కువ దెబ్బలు తిన్నోళ్లు ప్రతి మండలంల ఉన్నరు. వాళ్ల పిల్లలకు కనీసం గ్రంథాలయ సంస్థ డైరెక్టరు పోస్టు కూడా గుర్తుకు రాలేదేం? రాష్ట్రం రాంగనే తెలంగాణను తిట్టినోళ్లకు మంత్రి పదవులు ఎట్ల గుర్తొచ్చినయి? 2025 సెప్టెంబరుల ఆ ఇంటి బిడ్డను ఆ పార్టే సస్పెండు చేసింది. ఆమె బయటికొచ్చింది. ఒక ఇంటి పంచాది రాష్ట్రం పంచాది అయి కూసున్నది. వారసత్వం మీద కట్టిన ఇల్లు వారసత్వం మీదనే పగుల్తది.

కాంగ్రెసోళ్లు సంబురపడాల్సిన పని లేదు. 1969 దగా మీ ఖాతాల ఉన్నది, 2009 డిసెంబరు 9న ఇచ్చిన మాట డిసెంబరు 23న మింగిన లెక్క కూడా మీ ఖాతాలనే ఉన్నది. ఆ రెండు వారాల తర్వాత పోయిన ప్రాణాలకు ఎవరు జవాబు? ఇక బీజేపోళ్లు 1997ల కాకినాడల ఒక ఓటు రెండు రాష్ట్రాలన్నరు. ఢిల్లీల అధికారం వచ్చినంక 2000ల మూడు రాష్ట్రాలు ఇచ్చి మనల్ని ఇడిసిపెట్టిండ్రు. అందరి చేతులకూ మసి ఉన్నది.

ఫారంల లేని గడి

2023 ఎన్నికలప్పుడు కాంగ్రెస్ ఆరు గ్యారంటీలల్ల ఉద్యమకారులకు 250 గజాల ఇంటి జాగ అన్నది. గెలిచింది. ఆ ఏడాది డిసెంబరు చివర ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నది. ఆ ఫారంల ఉద్యమకారులకు కొన్ని గడులు పెట్టిండ్రు. కేసు నమోదైతే ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం రాయాలె. జైలుకు పోతే జైలు పేరు, స్థలం, శిక్షాకాలం రాయాలె.

మా నాయిన కండ్లద్దాలు పెట్టుకొని ఆ ఫారం సదివిండు. ఆ గడుల దగ్గర పెన్ను ఆగింది. 1969ల మూడు రాత్రులు ఠాణాల పెట్టినోళ్లు ఎఫ్ఐఆర్ రాసిండ్రా? రాయలే. ముందస్తు అరెస్టు చేసి సాయంత్రం ఇడిసిపెడితే నంబరు ఉంటదా? ఉండది. నేను ఆ ఠాణాకు పోయి అడిగిన. అంత పాత కాగితాలు లేవన్నరు. నవ్వుకుంట, 'అప్పుడు ఇంకొన్ని రోజులు ఉండాల్సుండె సార్' అన్నడు ఒకాయన. మా నాయిన కూడా నవ్విండు. ఇంటికొచ్చినంక ఫారం మడిచి అదే పాత చేతిసంచిల పెట్టిండు. 'ఇడిసిపెట్టు బిడ్డా, మనం జాగ కోసం నడిచినమా?' అన్నడు.

నేను ఇడిసిపెట్ట. ఎందుకంటే ఇది జాగ ముచ్చట కాదు, సాక్ష్యం ముచ్చట. మనల్ని కొట్టిన చేయి కాగితం రాయకపోతే, మనం దెబ్బలు తిననట్టేనా? ఉద్యమకారుడెవరో తేల్చే అధికారం ఆనాటి పోలీసు రైటరుకు ఇస్తరా? సస్పెండు అయినోని గడి ఎక్కడ? చెయ్యి ఇరిగినోని గడి ఎక్కడ? సమ్మెల జీతం పోగొట్టుకున్న టీచరమ్మ గడి ఎక్కడ? రాత్రంతా ఊరి పిల్లలకు బువ్వ పెట్టిన అత్తమ్మ గడి ఎక్కడ? రాజ్యం తన పుస్తకాలల్ల రాసుకున్నోన్నే ఉద్యమకారుడంటే, సగం ఉద్యమం గల్లంతయితది. ముఖ్యంగా ఆడోళ్ల ఉద్యమం మొత్తం గల్లంతయితది.

కాగితం ఉన్నోళ్ల సంగతన్న బాగున్నదా? మా తమ్ముడు 2011ల రైలురోకోల పట్టాల మీద కూసున్నడు. వానికి ఎఫ్ఐఆర్ నంబరు ఉన్నది, గట్టిగ ఉన్నది! రైల్వే చట్టం ఢిల్లీ చట్టం. రాష్ట్రం జీవో తీస్తే పోయే కేసు కాదది. రాష్ట్రం వచ్చినంక కూడా ఏండ్ల తరబడి వాయిదాలకు తిరిగిండు. పాస్‌పోర్టు విచారణల కేసు బయటపడ్డది. ఎంట చదువుకున్నోళ్లు విమానం ఎక్కిండ్రు, వీడు మొబైల్ రీచార్జి దుకాణం పెట్టుకున్నడు. ఒకసారి నాయినతోని కొట్లాటల అన్నడు: 'నీ మోకాలు చూసి నేర్చుకోకపోవుడు నా తప్పు'. ఆ మాటకు మా ఇంట్ల రెండు రోజులు ఎవరూ మాట్లాడుకోలేదు.

కుర్చీ వారసులకు ఏం మిగిలిందో అందరికీ తెలుసు. కేసు వారసులకు ఇది మిగిలింది.

వేరే రాష్ట్రాలు ఏం చేసినయి?

'ఇదంత అయ్యే పని కాదు, ఎవడు ఉద్యమకారుడో ఎట్ల తేలుస్తం?' అని సెక్రటేరియట్‌ల కూసున్నోళ్లు అంటరు. అయ్యే పని కాదా? మనకంటే పద్నాలుగేండ్ల ముందు, 2000 నవంబరు 9న ఏర్పడ్డ ఉత్తరాఖండ్‌ను చూడుండ్రి. రాష్ట్ర ఉద్యమకారులను గుర్తించి పెన్షన్లు ఇచ్చింది. సర్కారు కొలువులల్ల ఉద్యమకారులకు, వాళ్ల మీద ఆధారపడ్డోళ్లకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. హైకోర్టు కొట్టేస్తే ఊకోలేదు. 2024 ఫిబ్రవరిల అసెంబ్లీల బిల్లు పాస్ చేసి, అదే ఏడాది చట్టం తెచ్చుకున్నది. ఝార్ఖండ్ ఉద్యమకారులను గుర్తించనీకి ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసింది. వాళ్ల దగ్గర కూడా దొంగ పేర్లు వచ్చినయి, కొట్లాటలు అయినయి. అయినా పని మొదలువెట్టిండ్రు.

అంతకంటే పాత ఉదాహరణ ఉన్నది. దేశంల స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ 1972ల మొదలైంది. జైలు రికార్డు లేకపోతే ఏం చేసిండ్రు? రికార్డు దొరకదని ఆఫీసు నుంచి ఒక కాగితం తెచ్చుకొని, ఎంట జైల్ల ఉన్న తోటి ఖైదీలు సాక్ష్యం చెప్తే ఒప్పుకున్నరు. నిజాం మీద కొట్లాడుకుంట సరిహద్దు క్యాంపులల్ల ఉన్న మన తెలంగాణ పెద్దమనుషులకు కూడా తర్వాత పెన్షన్ ఇచ్చిండ్రు. వాళ్లందరికీ ఎఫ్ఐఆర్ నంబర్లు ఉన్నయా? తోటోని మాట సాక్ష్యమని 1947 పోరాటానికి ఒప్పుకున్న రాజ్యం, 1969కి, 2009కి ఎందుకు ఒప్పుకోదు?

'ప్రతిఫలం కోసమే కొట్లాడిండ్రా?'

ఈ మాట మనోళ్లే అంటరు. పొద్దుగాల పేపరు చదువుకుంట అంటరు. ఉద్యమం కూలి పని కాదు, కూలి అడుగుడేందని. మాట మంచిగనే ఉన్నది. కానీ ఎవరి నోట్లకెళ్లి వస్తున్నదో చూడాలె. ఎమ్మెల్యే పెన్షన్ తీసుకుంట, జూబ్లీహిల్స్‌ల ఇల్లు కట్టుకొని, కొడుకుకు టికెటు అడుగుకుంట ఈ మాట అంటే అది నీతి కాదు, బుకాయింపు. నువ్వు తీసుకున్నది ప్రజాసేవ, నేను అడిగితే ప్రతిఫలమా?

నా మాట సాఫుగ చెప్త. నా లెక్క చదువుకొని, ఏదో ఒక ఉద్యోగం చేసుకుంట, తల్లిదండ్రులు బతికున్న పిల్లలకు కొలువుల కోటా నేను అడుగుత లేను. అట్ల అడిగితే ఉద్యమం ఒక కొత్త కులమైతది. ఉద్యోగాల కోసం కొట్లాడిన నేల మీద, నోటిఫికేషన్ల కోసం అశోక్‌నగర్ రూములల్ల వయసు కరగబెట్టుకుంటున్న పిల్లల ముందట, నాకు ముందు వరుస కావాలని అడగనీకి నాకు మనసొప్పదు. కానీ ప్రాణం పోయిన ఇంటి పిల్లల సంగతి వేరు. చేయి కాలు పోయిన ఇంటి సంగతి వేరు. వాళ్లది హక్కు. ఎల్బీనగర్ చౌరస్తాల కాలిపోయిన శ్రీకాంతాచారి తల్లికి 2014ల హుజూర్‌నగర్ టికెటు ఇచ్చిండ్రు, ఆమె ఓడిపోయింది. ఒక తల్లికి ఒక టికెటు ఇచ్చి లెక్క తీరిందనుకునుడు మోసం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సుమారు 177 కోట్లు పెట్టి 2023 జూన్‌ల అమరుల స్మారకం కట్టిండ్రు. దీపం బాగనే మెరుస్తది. దాని కింద అమరుల పేర్లు, ఊర్లు, వాళ్ల పిల్లలు ఏం చేస్తున్నరన్న లెక్క ఎక్కడ?

మనం కూడా జవాబు చెప్పాలె

ఒక్క పాలకులనే తిట్టి ముగిస్తే ఈ వ్యాసం అబద్ధమైతది. మనం, ఉద్యమంల ఉన్నోళ్లం కూడా మన పిల్లలకు ఒక లెక్క బాకీ ఉన్నం.

సభలల్ల 'నా పిల్లలను కూడా తెలంగాణకే అంకితం చేసిన' అని గొప్పగ చెప్పుకున్నరు. చప్పట్లు పడ్డయి. పిల్లలను ఎవరూ అడుగలే. మా అమ్మ ఒక్కతే అడిగింది. అది కూడా ఆలస్యంగ. సకల జనుల సమ్మెల, 2011 సెప్టెంబరు-అక్టోబరుల, జీతం లేని ఆ రోజులల్ల, ఒక రాత్రి బియ్యం ఏరుకుంట అన్నది: 'మీకు మేం అన్యాయం చేసినమా బిడ్డా?' నేను యూనివర్సిటీల దెబ్బలు తిని ఇంటికొచ్చిన రోజులవి. 'లేదమ్మా' అన్న. అది సగం నిజం. మిగతా సగం ఇయ్యాల రాస్తున్న: చేసిండ్రు. చేసిన అన్యాయానికి నాకు కోపం లేదు, ఎందుకంటే మీరు మీకోసం ఏం దాచుకోలేదు. ఇంట్ల లేని అమ్మ, బయట ఎవరి కోసం ఉన్నదో చూసుకుంట పెరిగిన నేను. దోసుకున్నోళ్ల పిల్లలకు అసొంటి ఆస్తి ఉండది.

కానీ ఇంకో మాట. నాయిన నాయకుడని అందరూ దండలేసిండ్రు. అమ్మ కూడా నాయకురాలే. అరెస్టయి వచ్చిన తెల్లారి నాయిన పేపర్ల తన ఫోటో చూసుకున్నడు. అమ్మ అంట్లు తోమింది. ఉద్యమంల సమానత్వం, వంటింట్ల దొరతనం. ఈ లెక్క కూడా తేలాలె. మన ఇంట్ల దొరతనాన్ని దాచిపెట్టి, అవతలోని వారసత్వాన్ని ఏ ముఖంతోని తిడతం?

అడుగుతున్నది ఇది

ఒకటి. ఊరూరా ఉద్యమకారుల రిజిస్టరు పెట్టాలె. పోలీసు కాగితం లేకపోతే, ఎంట నడిచిన ముగ్గురి సాక్ష్యం గ్రామసభల, వార్డు సభల చదివి వినిపించాలె. దొంగలు చేరుతరని భయమా? దొంగోన్ని ఊరు ఎరుగుతది. సెక్రటేరియట్ ఎరుగది. 1969 వాళ్లు డెబ్బై దాటిండ్రు. రోజుకొకరు రాలిపోతున్నరు. ఇంకో ఎన్నిక దాకా ఆగితే సాక్ష్యం చెప్పెటోడు కూడా మిగలడు.

రెండు. లాకప్పు, సస్పెన్షను, గాయం, సమ్మె, పాట, వంట... ఇవన్నీ ఆ రిజిస్టరుల ఎక్కాలె. ఆడోళ్ల పేర్లు మొగుని పేరు కింద కాకుండ సొంతంగ ఎక్కాలె.

మూడు. రైల్వే కేసులు సహా మిగిలిన కేసులెన్నో ప్రభుత్వం జిల్లాల వారీగ బయటపెట్టాలె. ఢిల్లీతోని మాట్లాడి ఎత్తేయించాలె. తెలంగాణ నుంచి పోయిన ఎంపీలు ఏ పార్టీ అయినా ఇది వాళ్ల పని.

నాలుగు. అమరుల కుటుంబాలకు ఏ ప్రభుత్వం ఎంత ఇచ్చింది, ఎంతమందికి ఇచ్చింది, ఎవరికి ఎందుకు ఇయ్యలేదన్నది శ్వేతపత్రం వేయాలె. పేర్లతోని వేయాలె.

ఐదు. ఇది పార్టీలకు. 'ఉద్యమ బిడ్డ' అని ఫ్లెక్సీ కట్టేటోళ్లు, ఆ మాట కింద తమ మండలంల కేసులు మోసిన పదిమంది పేర్లు కూడా రాయాలె. రాయలేకపోతే ఆ మాట చెరిపెయ్యాలె.

చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు, నౌకరీ చేసుకుంటున్న అన్నలు, అక్కలు... ప్రభుత్వం చేసేదాక ఆగకుండ్రి. ఈ ఆదివారం మీ అమ్మ పక్కన కూసోండ్రి. ఫోనుల రికార్డు పెట్టి అడుగుండ్రి: ఏ రోజు ఎక్కడికి పోయినవు, ఎవరు కొట్టిండ్రు, మమ్ముల ఎవరి దగ్గర ఇడిసిపెట్టి పోయినవు? ఆ మూడో ప్రశ్న తప్పక అడుగుండ్రి. రాసి పెట్టుండ్రి. రేపు ఏ ఆఫీసరో గడి లేదంటే, మన దగ్గర పుస్తకం ఉండాలె.

మా నాయిన ఈ వ్యాసం రాస్తున్నని తెలిసి, 'మన పేర్లు రాయకు బిడ్డా' అన్నడు. రాయలేదు. మేకు మీద సంచి ఇంకా ఉన్నది. లుంగీలు తీసిండ్రు, దుప్పటి తీసిండ్రు. ఆ నింపని ఫారం మాత్రం అండ్ల ఉన్నది. దాన్ని నింపే దాక ఈ ఉద్యమం ఒడవలేదు.

జై తెలంగాణ!